రంపె కొన మీది నీలం

నేను మోస్తున్న బరువు నూట డెబ్భై రెండు గ్రాములు. ఊహించి చెప్పడం లేదు. వంటింటి తూకం మీద మూడుసార్లు తూచి రాస్తున్నాను. మూడుసార్లూ అదే అంకె వచ్చింది. 1976 నుంచి ఇది నా బీరువా కింది అరలో, పాత పంచె ముక్కలో చుట్టి ఉంది. మూడు అద్దె ఇళ్లు మారాను. సొంత ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగ విరమణ చేశాను. నా భార్యను సాగనంపాను. ఏ ఇంట్లోనైనా దీని చోటు కింది అరే. దీన్ని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య ఒకసారి అడిగింది. పాత పనిముట్టు అన్నాను. అది అబద్ధం కాదు. నా జీవితంలో పెద్ద అబద్ధాలన్నీ ఇలా అబద్ధం కాని మాటలతోనే చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లు వెంటనే ఓదారుస్తారు. నాకు ఓదార్పు అక్కరలేదు. ముందే ఒక మాట చెప్పాలి: ఇది కన్నీళ్లతో రాస్తున్నది కాదు. కోపంతో రాస్తున్నాను. ఆ కోపం చాలామంది మీద ఉంది. అందరిలోకీ ఎక్కువ వాటా నాది.

కోపానికి తక్షణ కారణం ఒక శాలువా. గత నెలలో మా పాత ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లం పదహారు మందిమి ఒక హాలులో కలిశాం. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. ఒకాయన మైకు పట్టుకొని, "ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఒక్క అంకె తప్పు రాయని మహానుభావుడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తల వంచాను. శాలువా కప్పడానికి తల వంచాలి కదా. ఆ వంగిన తలలో ఒకే ఒక్క ప్రశ్న తిరిగింది. అంకె తప్పు రాయలేదు సరే. మరి మాట?

విషయానికి వస్తాను. బీరువాలో ఉన్నది ఒక రంపె. తోలు కోసే కత్తి. అరచేతిలో ఇమిడే పొట్టి పిడి, ముందు వెడల్పుగా, వంపుగా ఉండే అంచు. పిడికి దగ్గరగా ఉండే అంచును మడమ అనేవారు. అవతలి చివర కొన. దీని యజమాని పేరు ఏసోబు. ఏసోబు గారు. ఆ 'గారు' ఆయన బతికుండగా నేను ఒక్కసారి కూడా అనలేదు. ఆయనకు అప్పుడు యాభై ఏళ్లు, నాకు ఇరవై తొమ్మిది. ఆయన నన్ను మీరు అనేవారు. నేను ఆయనను నువ్వు అనేవాణ్ణి. ఇరవై ఒక్క ఏళ్ల తేడా ఉన్న ఇద్దరి మధ్య మర్యాద తలకిందులుగా నడిచింది. అది తలకిందులని మా ఫ్యాక్టరీ షెడ్డులో ఎవరికీ అనిపించలేదు. లెక్కల మనిషినని చెప్పుకొనే నాకైనా అనిపించాలి కదా! ఆయన తరతరాలుగా తోలుపని చేసిన కుటుంబంలో పుట్టారు. నేను షెడ్డు నుంచి రాగానే స్నానం చేయనిదే గడప దాటనివ్వని ఇంట్లో పుట్టాను. అప్పట్లో షెడ్డులో ఇలాంటి తేడాలు ఉండేవి కావని ఆ హాలులో ఎవరో మురిసిపోయారు. ఉండేవి. నేనే సాక్షిని.

మా షెడ్డు ఆటోనగర్‌లో. చుట్టూ లారీ బాడీల మోత. మధ్యలో మాది తోలు వాసన. డెల్టాలోని రైసుమిల్లులకు, ఇంజను తిరుగుడును యంత్రానికి అందించే వెడల్పాటి తోలు బెల్టులు చేసేవాళ్లం. బెల్టుకు ప్రాణం దాని అతుకు. రెండు కొసలనూ వాలుగా, చివరకు కాగితమంత పలచనయ్యేదాకా చెక్కి, ఒకదాని మీద ఒకటి పరిచి, అంటించి, కుట్టాలి. ఎక్కడైనా మందం మిగిలిందా, తిరిగేటప్పుడు బెల్టు అక్కడ ఎగురుతుంది. అతుకు తెగిందా, ఆరు అంగుళాల వెడల్పున్న తోలు కొరడాలా వచ్చి మిల్లులో మనిషికి తగులుతుంది. అందుకని అతుకులు చెక్కే పని ఆరుగురు కోతగాళ్లలో ఒక్కరికే ఇచ్చేవారు. అది ఏసోబు గారికి.

ఆయనకు మూడు రంపెలుండేవి. వీపు తోలుకు ఒకటి, పొట్ట తోలుకు ఒకటి, అతుకులకు ఒకటి. తోలు ముందుకు రాగానే కత్తి తీసేవారు కాదు. ముందు అరచేత్తో నిమిరేవారు. ఒక మూల మడిచి చూసేవారు. వాసన చూసేవారు. ఆ తరవాత మూడింటిలో ఒకటి ఎంచుకొనేవారు. అక్కడ సూపర్‌వైజరుగా ఉన్న నేను గడియారం పెట్టి చూశాను. నలభై సెకన్లు. నా పుస్తకంలో 'వృథా' అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా ఉంది. నలభై సెకన్లలో ఒక మనిషి తన ముప్పై అయిదేళ్ల అనుభవాన్ని చేతివేళ్లతో సంప్రదిస్తుంటే, పక్కన నిలబడి 'వృథా' అని రాసిన ఆ డిప్లొమా కుర్రాడి చెంప ఇప్పుడు పగలగొట్టాలనిపిస్తుంది.

మూడు రంపెలూ లారీ కమాను ఉక్కుతో చేసినవి. ఒక కమ్మరి వాటిని కాల్చి, సాగగొట్టి, తగినంత గట్టిదనం వచ్చేలా నీళ్లలో ముంచి ఇచ్చాడు. దాన్ని పాయనం పెట్టడం అంటారు. పాయనం బాగుంటే అంచు గంటల తరబడి నిలుస్తుంది. పదును పెట్టుకొనేది మాత్రం ఎవరి కత్తికి వారే. ఏసోబు గారు నల్ల సానరాయి తడిపి, ఒక్కో వైపు పదిసార్లు లాగి, బెల్టు ముక్కకు ఇటుక పొడి రాచి దాని మీద తిప్పేవారు. చివరికి అంచును బొటనవేలి గోటి మీద ఆన్చేవారు. జారితే పదును రానట్టు. గోటిని పట్టుకుంటే వచ్చినట్టు.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి రంపెను మరొకరు ముట్టుకోరు. అడిగి కూడా ముట్టుకోరు. కత్తి మనిషి మణికట్టుకు అలవాటుపడుతుందని, ఇంకొకరి చెయ్యి పడితే ఆ వాలు చెడుతుందని అనేవారు. ఏసోబు గారి కత్తుల పెట్టెకు గొళ్లెం ఉండేది, తాళం ఉండేది కాదు. ఆ కట్టుబాటే తాళం.

నేను దాన్ని మూఢనమ్మకం అన్నాను. లెక్క వేశాను. మనిషికి రోజుకు నాలుగుసార్లు పదును, ఒక్కోసారి పన్నెండు నిమిషాలు. నలభై ఎనిమిది. ఆరుగురికి రెండు వందల ఎనభై ఎనిమిది నిమిషాలు. అంటే రోజుకు నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలు షెడ్డులో కత్తులు నూరడానికే పోతున్నాయి. కరెంటు గ్రైండర్ చక్రం మీద ఒక కత్తికి మూడు నిమిషాలు చాలు. చార్టు గీసి గోడకు అంటించాను. యజమాని గారు దాని ముందు నిలబడి తల ఆడించారు. జూలైలో కత్తులన్నిటినీ కోణమానితో కొలిచాను. ఏసోబు గారి అతుకుల రంపె మడమ దగ్గర ఇరవై నాలుగు డిగ్రీలు, కొన దగ్గర పదిహేడు. ఒకే కత్తిలో రెండు కోణాలు! లోపమని రాశాను. మందం కోయడానికి మడమ, పలచన చేయడానికి కొన అని నాకు తట్టలేదు. ఆయనను అడగలేదు. అడగడం నా ఉద్యోగంలో లేదనుకున్నాను.

ముగ్గురు తమ కత్తులు గ్రైండర్‌కు ఇచ్చారు. ఇద్దరు ఊగిసలాడుతున్నారు. ఏసోబు గారి దగ్గరికి వెళ్లాను.

"ఏసోబూ, నీ కత్తి కూడా ఇవ్వు. మూడు నిమిషాల్లో ఇచ్చేస్తాను."

"నా కత్తెందుకండీ సారూ? ఆ చక్రం నూరదండీ, కాలుస్తది."

"కొలత తప్పదు. అందరికీ ఒకటే కోణం."

ఆయన తల ఎత్తకుండానే, "మీ పెళ్లికి చుట్టాలందరికీ ఒకటే కొలతలో చెప్పులు కుట్టించారేంటండీ?" అన్నారు.

"పాపం, అందుకే పెళ్లికొచ్చినోళ్లందరూ కుంటుకుంటా పోయారు!" అని వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. అయిదుగురూ నవ్వారు. ఏసోబు గారు కూడా నవ్వారు. వెక్కిరింత లేదు అందులో. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా చెవులు కాలిపోయాయి.

అయిదుగురి నవ్వు. దీని తరవాత జరిగినదానికి ఇంతకంటే పెద్ద కారణం కోసం నేను ఏళ్ల తరబడి వెతికాను. దొరకలేదు. లేదు కాబట్టి దొరకలేదు.

సెప్టెంబరు మూడో ఆదివారం. షెడ్డుకు సెలవు. తాళాలు నా దగ్గరే ఉండేవి. ఏసోబు గారు ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారు. ఆ సమయానికి ఆయన అక్కడ నిలబడి చదువుతూ ఉంటారు. నేను ఆయన పెట్టె గొళ్లెం తీశాను. నా ఉద్దేశం ఏమిటో కచ్చితంగా చెబుతాను. ఆయన అతుకుల రంపెను చక్రం మీద, ఆయన కోణాల్లోనే, అర డిగ్రీ తేడా లేకుండా నూరి పెట్టేయాలి. సోమవారం ఆయన ఆ కత్తితో కోసి, పదును బాగుందంటే, అప్పుడు అందరి ముందూ చెప్పాలి: ఇది మీ రాయి చేసిన పదును కాదు, నా చక్రం చేసినది. అప్పుడు నవ్వవలసింది నేను.

కోణాలు కుదిరాయి. మడమ ఇరవై నాలుగు. కొన పదిహేడు. కొన పలచన కదా, అక్కడ కొంచెం ఎక్కువ అదిమాను. నీళ్లలో ముంచుతూ ఉండాలని తెలుసు. ముంచాను. చాలినన్నిసార్లు కాదు. అంచు మీద ముందు ఎండుగడ్డి రంగు వచ్చింది. తరవాత వంగపండు రంగు. చేతిని వెనక్కి తీసేలోపల నీలం.

ఆ నీలం నాకు కొత్త కాదు. డిప్లొమాలో దాని మీద పరీక్ష రాసి పాసయ్యాను. ఉక్కు మీద ఆ రంగు పాకిందంటే వేడి మూడు వందల డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లినట్టు. కమ్మరి పెట్టిన పాయనం అక్కడ పోయినట్టు. అంచు మెత్తబడినట్టు. మెత్తబడిన అంచుకు పదును వస్తుంది. నిలవదు. నాలుగు కోతల్లో మడతపడుతుంది.

అప్పుడు నేను ఏం చేశాను? ఉప్పుకాగితం తీసుకొని ఆ నీలాన్ని రుద్దాను. తెల్లగా మెరిసేదాకా రుద్దాను. తరవాత ఆయన సానరాయి మీదే, ఆయన లాగినట్టే పదేసిసార్లు లాగాను. ఆయన బెల్టు ముక్క మీదే తిప్పాను. గోటి మీద ఆన్చాను. పట్టుకుంది. ఎక్కడి కత్తిని అక్కడే పెట్టి, గొళ్లెం వేశాను. పొరపాటున కత్తిని కాల్చాను, అది నిజం. రంగు చెరిపింది మాత్రం పొరపాటున కాదు. ఈ రెండు వాక్యాలనూ నేను ఎన్నడూ పక్కపక్కన పెట్టి చదవలేదు. ఇప్పుడు పెట్టాను.

సోమవారం తొమ్మిదింటికి చెప్పవచ్చు. తొమ్మిదింబావుకు చెప్పవచ్చు. ఆయన రాయి తడుపుతుంటే చూశాను. రంపెను లాగుతూ ఒక్క క్షణం ఆగారు. మళ్లీ లాగారు. తల కొంచెం పక్కకు వాల్చారు. నేను ఆరు అడుగుల దూరంలో ఉన్నాను. నా నోట్లో మాట ఉంది. చెబితే అయిదుగురూ మళ్లీ నవ్వుతారు. చక్రం కాలుస్తుందని ఆయన అన్నదే నిజమయింది కదా! మాట మింగాను. గుడివాడ వైపు మిల్లు ఒకదానికి వెళ్లవలసిన బెల్టు అది. పదింటికి ఆయన అతుకు చెక్కడం మొదలుపెట్టారు. ఎడమ చేత్తో తోలును బండ మీద అదిమిపట్టి, కుడి చేత్తో రంపెను ముందుకు తోస్తున్నారు. నాలుగో, అయిదో తోపులో అంచు తోలులో ఇరుక్కుంది. ఆయన బలం పెట్టారు. ముప్పై అయిదేళ్లలో ఆయన కత్తికి బలం పెట్టవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. కత్తి తోలు మీంచి ఎగిరి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

పదకొండు కుట్లు. నరం తెగింది. ఆ బొటనవేలు ఇక వంగలేదు.

యజమాని గారు ఒక పేజీ నివేదిక రాయమన్నారు. "ఆదివారం కదా, రాత్రి తాగి ఉంటాడు" అని ఆయన అంటుంటే నేను కలం సిరా చూసుకుంటూ ఊరుకున్నాను. ఏసోబు గారు మద్యం ముట్టరని నాకు తెలుసు. ఆ ఆదివారం ఆయన చర్చిలో ఉన్నారని, కత్తి దగ్గర ఉన్నది నేనని నాకు తెలుసు. తాగుడు సంగతి రాయలేదు. అదేదో న్యాయం చేసినట్టు కొన్నేళ్లు దాన్ని తలుచుకొని తృప్తిపడ్డాను కూడా. నివేదికలో 'కారణం' అనే గడి ఉండేది. అందులో ఇలా రాశాను: 'పరికరంలో లోపము లేదు. పనివాని చేతి తప్పిదము. వయస్సు 50.'

వయస్సు ఎందుకు రాశాను? ఎవరూ అడగలేదు. ఆ గడిలో దానికి చోటు కూడా లేదు. అంకె ఒకటి ఉంటే మాటకు బరువు వస్తుందని రాశాను. నిజమైన అంకెను తీసుకెళ్లి అబద్ధానికి ఊతకర్రగా ఇచ్చాను. అంకెల మీద నాకున్న భక్తి ఎలాంటిదో తెలియాలంటే ఆ ఒక్క గడి చదివితే చాలు.

నవంబరులో ఒక గురువారం సాయంత్రం ఏసోబు గారు పటమటలో మా ఇంటికి వచ్చారు. మెట్ల దగ్గరే ఆగారు. పైకి రమ్మని నేను అనలేదు. ఎడమ చేతికి కట్టు లేదు. బొటనవేలు కర్రలా నిలబడి ఉంది. కుడి చేతిలో గుడ్డలో చుట్టిన రంపె.

"సారూ, ఒక్క మాట అడిగిపోదామని వచ్చానండి."

"చెప్పు."

"మీరు లెక్క తప్పరండీ. అందుకని మీ దగ్గరికొచ్చా. ఆ పొద్దున రాయి మీద లాగుతుంటే, జారాల్సిన కత్తి పాకినట్టనిపించింది. ముందురోజు వానలో తడిశాను, ఒంట్లో బాలేక అలా ఉందేమోలే అనుకున్నా. ఇప్పుడేమో ఎంతసేపూ అదే ఆలోచనండి. కత్తిదా, చేతిదా? అది తేలితే చాలు."

"తేలితే ఏం చేస్తావు?"

"కత్తిదైతే రేప్పొద్దున్నే వచ్చి కూర్చుంటానండి. ఏలు పోతే పోయింది, కాలితో తొక్కిపట్టి కోస్తా. మా నాన్న అట్టాగే కోసేవోడు. యజమాని గారు కూడా, నీకు ధైర్యముంటే రమ్మన్నారు. చేతిదైతే మటుకు..."

"చేతిదైతే?"

"నమ్మకంలేని చేతికి కత్తివ్వకూడదండి. నేను చెక్కిన అతుకు ఏ మిల్లులో ఎవడి మీద తెగుద్దో ఏమో."

మీరు గమనించారో లేదో. ఆయన తన బతుకు గురించి అడగడం లేదు. ఎక్కడో డెల్టాలో, తాను చూడని మిల్లులో, బెల్టు పక్కన నిలబడే ఎవరో మనిషి గురించి అడుగుతున్నారు. ఆ మనిషి కోసం తన పని వదులుకోవడానికి సిద్ధపడి వచ్చారు. అది వదులుకోవాలో వద్దో చెప్పే అధికారం నాకిచ్చారు.

నేను లోపలికి వెళ్లి కోణమాని తెచ్చాను. ఆయన చేతిలో నుంచి రంపెను తీసుకున్నాను. ఆయనే ఇచ్చారు, వాళ్ల కట్టుబాటు తప్పి. వెలుతురు వైపు తిరిగి కొలిచాను. నిదానంగా కొలిచాను. ఆ నిదానాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

"మడమ దగ్గర ఇరవై నాలుగు. కొన దగ్గర పదిహేడు. జూలైలో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది."

"అంతే ఉందాండీ?"

"అంతే. కత్తిలో తేడా లేదు."

ఆయన తన ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి చూసుకున్నారు. "అయితే నాదేనన్నమాట," అన్నారు. వెంటనే నవ్వారు. "పోన్లెండి. పాయనం సరిగ్గా పెట్టలేదని మా కమ్మరాయన్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో! ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు చెప్పి క్షమించమని అడుక్కోవాలి."

కత్తి తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "మీ దగ్గరుంచండి సారూ. నా దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు," అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను చెప్పిన రెండు అంకెలూ సరైనవే. ఎవరు కొలిచినా అవే వస్తాయి. కోణమాని కోణాన్ని చూపిస్తుంది, ఉక్కు లోపల పోయిన గట్టిదనాన్ని చూపించదు. ఆ సంగతి ఆ మెట్ల మీద ఉన్న ఇద్దరిలో ఒక్కడికే తెలుసు. ఇనుమును అరగదీసే ఆకురాయి ఒకటి తెచ్చి అంచు మీద రాస్తే అర నిమిషంలో తేలిపోయేది. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, మెత్తటి ఉక్కును కొరుకుతుంది. ఆకురాయి మా ఇంట్లోనే, కోణమాని ఉన్న సొరుగులోనే, దాని పక్కనే ఉంది. నా చెయ్యి రెండింటిలో ఒకటి ఎంచుకుంది.

నిజం చెప్పి ఉంటే నాకు ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. యజమాని గారు నా మీద కేకలు వేసి ఊరుకొనేవారు. ఒక వారం రోజులు అయిదుగురు నవ్వుకొనేవారు. ఇంతే. ఇంత చవకగా దొరికే నిజాన్ని నేను కొనలేదు. భయపడి దాచానని చెప్పుకోగలిగితే కొంత గౌరవమైనా మిగిలేది. నేను భయపడలేదు. ఓడిపోవడం ఇష్టం లేకపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? నా నివేదిక ఆధారంగా చేతి పదును ప్రమాదకరమని తేల్చారు. మిగిలిన కత్తులన్నీ చక్రం మీదికి వచ్చాయి. చార్టుకు నేను ఎర్ర సిరాతో ఒక నిబంధన చేర్చాను: 'ప్రతి మూడు సెకన్లకు ఒకసారి కత్తిని నీటిలో ముంచవలెను. రంగు మారిన కత్తిని వాడరాదు.' ఎంత ముందుచూపో అని యజమాని గారు మెచ్చుకున్నారు. ఈ మూడు సెకన్ల సంగతి నీకెలా తెలిసిందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే! షెడ్డు మూసేసే వరకు నా ఒప్పుకోలు అందరి కళ్ల ముందూ గోడకు వేలాడింది. దాని కింద నిలబడి కత్తులు నూరుకున్నారు. ఎవరూ అడగలేదని ఇప్పుడు నాకు కోపం. అడగకపోవడం నాకెంత హాయిగా ఉండేదో కూడా జ్ఞాపకం ఉంది.

ఏసోబు గారు భవానీపురంలో ఒక కలప డిపోకు కాపలాదారుగా చేరారు. ఆ తరవాత నేను ఆయనను నాలుగుసార్లు చూశాను. మూడుసార్లు పక్క సందులోకి తిరిగాను. నాలుగోసారి తిరగడానికి సందు లేదు. 1983, వేసవి. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక యువకుడి ముందు ఆయన ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. తెగిన చెప్పు ఆ యువకుడి చేతిలో ఉంది. అతను మొండి కత్తితో పట్టీని పీకి పీకి కోస్తున్నాడు. ఏసోబు గారు చూస్తున్నారు. ఆ పట్టీని కళ్లు మూసుకొని, ఒంటి చేత్తో, ఒక్క లాగుడులో కోయగల మనిషి తన చెప్పును తాను ముట్టుకోకుండా నిలబడి ఉన్నారు. ఇచ్చిన మాటకు కట్టుబడి. ఎవరికిచ్చిన మాట? ఎవరికీ కాదు. నా రెండు అంకెలకు.

నన్ను చూసి, "బాగున్నారా సారూ!" అన్నారు, ఒంటికాలి మీదే. బాగున్నానన్నాను.

ఆయన 1991లో పోయారు. కబురు అందింది. జ్వరమని చెప్పి వెళ్లలేదు. ఆ రోజు థర్మామీటరు పెట్టుకొని చూసుకున్నాను. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు.

శాలువా కప్పించుకొని వచ్చిన మర్నాడు ఉదయం కింది అర తెరిచాను. ఇన్నేళ్లలో ప్రతి చిన్నదాన్నీ కొలిచినవాణ్ణి, ఈ కత్తి మీద ఆకురాయి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఎందుకని? పెట్టకపోతే రుజువు లేదు. రుజువు లేనిదాన్ని నేను నమ్మను కదా. నా నియమంతోనే నన్ను నేను కాపాడుకున్నాను. ఒక్కోసారి, రంగు కనిపించింది నిజమేనా, ఒకవేళ ఉక్కు మెత్తబడలేదేమో, నిజంగానే ఆయన చెయ్యి తప్పిందేమో అని కూడా అనుకొనేవాణ్ణి. అలా అనుకున్న రోజు భోజనం బాగా సయించేది.

ఆకురాయిని మడమ దగ్గర పెట్టాను. జారింది. కమ్మరి పని ఇన్నేళ్ల తరవాత కూడా చెక్కుచెదరలేదు. మెల్లగా కొన వైపు జరిపాను. జారుతూ జారుతూ ఒకచోట ఆగి, కొరికింది. అక్కడ గుర్తు పెట్టి స్కేలుతో కొలిచాను. కొన నుంచి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచాను.

ఆ షెడ్డు లేదు. ఆ నివేదిక ఏ పాత కాగితాల కొట్టుకు పోయిందో తెలియదు. అందుకని ఆ గడిని ఇక్కడ మళ్లీ గీస్తున్నాను. దీన్ని దిద్దుబాటు అంటారు. క్షమాపణ అనరు. క్షమించవలసిన మనిషి లేరు. ఆయన తరఫున ఆ పని చేస్తామనేవాళ్లు ఎవరైనా ఎదురైతే నాకు మళ్లీ కోపం వస్తుంది. నేను నా పేరు రాయడం లేదు. అంటే ఇంకా ఆ అయిదుగురి నవ్వుకు జంకుతున్నాననే అర్థం. ఉన్నది ఉన్నట్టు అదీ రాస్తున్నాను.

కారణం: పరికరములో లోపము ఉన్నది. కొన నుండి 38 మి.మీ. మేర పాయనము పోయినది. పోగొట్టినవాడు, ఆ సంగతి దాచినవాడు సూపర్‌వైజరు. వయస్సు 29. పనివాని చేతి తప్పిదము లేదు. ప్రమాదమునకు గంట ముందే, రాయి మీద, ఏసోబు గారి చెయ్యి ఆ లోపమును కనిపెట్టినది.

రాశాను. రాసిన వెంటనే నా చెయ్యి కొంత తేలికపడింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. తేలికపడవలసిన చెయ్యి ఇది కాదు.